సమస్యలేమీ లేవు

నేను ఒక రిజిస్టర్ని. ఎర్ర రెక్సిన్ అట్ట, వెన్నుకి గుడ్డ పట్టీ, లోపల గళ్ళు కొట్టిన కాగితాలు. అట్ట మీద ‘విద్యార్థినుల మార్గదర్శక రిజిస్టరు’ అని గొప్పగా అచ్చేశారు గానీ, రైలు గేటు అవతలున్న ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నన్ను అందరూ కౌన్సెలింగ్ బుక్కనే అంటారు. బుక్కన్నాక ఎవరో ఒకరు తెరవాలి కదా. నన్ను తెరిచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నేను పుట్టింది బజార్లో ఒక ప్రెస్సులో. తేదీ, విద్యార్థిని చెప్పిన సమస్య, ఇచ్చిన సలహా, వచ్చిన మార్పు, సంతకాలు అని నా మీద గళ్ళు పడుతుంటే మిషను దగ్గరాయన ఆగి చూశాడు.

“ఏటి, ఆడపిల్ల సమస్య ఇంత గడిలో పడతాదా?”

“పట్టినంతే రాసుకుంటార్లే. నువ్వు కానీ,” అన్నాడు పక్కాయన.

కాలేజీలో ఒక్కో లెక్చరర్‌కి ఇరవై మంది పిల్లల్ని అప్పజెప్పారు. నెలకోసారి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని మాట్లాడాలి, మాట్లాడింది నాలాంటి పుస్తకంలో రాయాలి. నేను జువాలజీ చెప్పే హైమావతి మేడం చేతికొచ్చాను. ఆవిడ నా అట్ట లోపలివైపు కాలేజీ నిబంధనల కాగితం అంటించారు. మెడలో ఐడీ కార్డు ఉండాలి, చున్నీకి పిన్నులు ఉండాలి, హాజరు నూటికి డెబ్బై అయిదు ఉండాలి, దొంగ సర్టిఫికెట్ పెడితే టీసీ ఇచ్చి పంపేస్తారు. తర్వాత గుండ్రటి అక్షరాలతో పిల్లకో కాగితం చొప్పున నంబర్లేసి ఇరవై పేర్లు రాశారు. ఎంత ముచ్చటగా రాశారో! ఇంక నాకు రోజూ కబుర్లే అనుకున్నాను.

మర్నాడే నన్ను బీరువాలో పెట్టేశారు.

ఆ బీరువా ఉన్న గదికి ‘మార్గదర్శక కేంద్రం’ అని బోర్డుంది, కింద వేళలు కూడా రాసున్నాయి. లోపల విరిగిన బెంచీలు, క్యారమ్ బోర్డులు, ఆటల పోటీల చాపలు. తలుపుకి తాళం. మేడంని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. రోజుకి అయిదు క్లాసులు, అవి కాక పరీక్ష డ్యూటీలు, కంప్యూటర్లో ఎక్కించే వివరాలు. ఆవిడకి మాత్రం ఎవరున్నారు కూర్చోబెట్టి అడగడానికి?

జనవరి నెలాఖర్లో ఒక మధ్యాహ్నం గబగబా నన్ను బయటికి తీశారు. తనిఖీ కమిటీ వస్తోందట. స్టాఫ్ రూములో లెక్చరర్లందరూ తమ తమ రిజిస్టర్లు ముందేసుకుని, నీలం పెన్ను, నల్ల పెన్ను మార్చి మార్చి, గోడ మీది క్యాలెండర్లో ఆదివారాలు తప్పించి తేదీలు వేస్తున్నారు. ఆర్నెల్ల మాటలు ఒక్క పూటలో మాట్లాడేస్తున్నారన్నమాట.

“నా పిల్లలందరికీ ఇంగ్లీషంటే భయం రాసేశాను హైమా. నువ్వు లెక్కలంటే భయం పెట్టుకో.”

“జువాలజీ పిల్లలకి లెక్కలెక్కడివే!”

“అయితే బొద్దింకలంటే భయం రాయి.”

నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల మధ్య నా పదకొండో పేజీ నిండింది. కోరాడ యమున. ‘జనవరి 5. సమస్యలేమీ లేవు. క్రమంగా కాలేజీకి వస్తోంది. తల్లితో ఫోన్లో మాట్లాడాను. సంతృప్తికరం.’

సంతకాలకి పిల్లల్ని వరసలో నిలబెట్టారు. యమున లేదు. “దాని పక్కన కూర్చునేది నువ్వే కదే, దాన్ది కూడా పెట్టెయ్యి,” అన్నారు మేడం వరసలో ఉన్న ఒక పిల్లతో. ఆ పిల్ల పెట్టేసింది.

కమిటీ వచ్చింది, నన్ను చూసి తలూపింది, వెళ్ళింది. నేను మళ్ళీ బీరువాలోకి.

ఫిబ్రవరి మధ్య నుంచి రోజూ పదకొండింటికి ఎవరో ఆ గది తలుపు దగ్గరికొచ్చి నిలబడేవారు. బోర్డు మీది వేళలు చదివేవారు. తాళం ఒకసారి కదిపేవారు. నా బీరువా తలుపు సందులోంచి, విరిగిన కిటికీ రెక్కలోంచి నాకు కనిపించేది చున్నీ మాత్రమే. పిన్నులు పెట్టుకుని, రెండు చేతులూ గుండెల మీద గట్టిగా కట్టుకుని ఉండేదా పిల్ల. లోపలికి రావాలని ఉందని తెలుస్తోంది, పిలవడానికి నాకు నోరు లేదు. కాసేపు చూసి వెళ్ళిపోయేది. ఆ గదికోసం వచ్చిన మనిషి ఆ ఏడాది మొత్తానికి ఆ పిల్లొక్కతే.

మార్చిలో హాజరు లెక్క కట్టారు. యమునకి అరవై ఆరు వచ్చింది. అరవై అయిదు దాటితే డాక్టరు కాగితం మీద మన్నించి పరీక్ష రాయనిస్తారు, లేదంటే ఆఖరి సెమిస్టరు మళ్ళీ చదవాల్సిందే. యమున కాగితం పెట్టింది. జనవరి నాలుగున కాన్పు, పది రోజులు ఆసుపత్రిలో, ఆ తర్వాత ఇంట్లో. ఇలాంటి దరఖాస్తుల్ని కౌన్సెలింగ్ బుక్కుతో సరిచూడాలని నిబంధన ఉంది. అందుకని హైమావతి మేడం నన్ను ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి తెచ్చారు.

అప్పుడు చూశాను ఆ పిల్ల మొహం. ఇరవై ఏళ్ళుంటాయేమో. వరండాలో వాళ్ళత్త పసిదాన్నెత్తుకుని తిరుగుతోంది. పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వినపడినప్పుడల్లా యమున చేతులు కట్టుకుంటోంది. రోజూ తలుపు దగ్గర నిలబడ్డ చేతులు! చున్నీ తడిసిపోతోంది. క్లాసులో కూర్చుంటే పాలొచ్చేస్తున్నాయని, ఒక్క గంట ఇంటికెళ్ళి రానిస్తారా అని ఎవరినడగాలో తెలియక తిరిగిందన్నమాట ఇన్నాళ్ళూ.

ప్రిన్సిపాల్ గారు నా పదకొండో పేజీ తీసి చదివారు. ఆసుపత్రి కాగితం చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

“నాలుగో తారీకు కాన్పయితే అయిదో తారీకు కాలేజీకెలా వచ్చావమ్మా?”

“రాలేదు సార్. ఆసుపత్రిలోనే ఉన్నాను.”

“ఇక్కడ నీ సంతకముంది. కాలేజీ రికార్డు అబద్ధమా, నీ కాగితం అబద్ధమా? దొంగ సర్టిఫికెట్‌కి శిక్షేంటో తెలుసా? పరీక్ష సంగతి తర్వాత, టీసీ చేతికిచ్చి పంపుతాను.”

యమున సంతకం చూసింది. ఎవరి చేతిరాతో పోల్చుకుంది. ఆ పేరు మాత్రం బయటపెట్టలేదు. హైమావతి మేడం కేసి చూసింది. మేడం టేబుల్ కాళ్ళకేసి చూస్తున్నారు.

“ఏమ్మా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు? మీ అమ్మగారితో కూడా మేడం మాట్లాడారట. ఆవిణ్ణి పిలిపించు, తేల్చుకుందాం.”

“మా అమ్మ లేదు సార్. నేను టెన్త్ రాసిన యేడే పోయింది.”

ఆ పిల్ల నా మీదున్న ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. మేడం వైపు తిరిగి, మెల్లగా అడిగింది.

“మేడం, మా అమ్మ మీతో ఏం మాట్లాడిందండీ?”

వెటకారం కాదు. వినాలని అడిగినట్టే ఉంది. మొదటి కాన్పుకి అమ్మ లేని పిల్ల ఆ మాట అలాగే అడుగుతుంది.

మేడం తలెత్తారు.

“నేనెవరితోనూ మాట్లాడలేదు సార్. స్టాఫ్ రూములో కూర్చుని రాశాను. ఆ సంతకమూ నేనే పెట్టించాను. ఆ పిల్ల కాగితం నిజం. యమున పేజీ ఒక్కటే కాదు, ఇరవై పేజీలూ...”

ప్రిన్సిపాల్ గారు లేచి తలుపేశారు. “ఈ మాట ఈ గది దాటకూడదు మేడం. ఈ రికార్డు చూపించే కాలేజీకి గ్రేడు తెచ్చుకున్నాం.”

“మరి ఆ పిల్ల పరీక్ష?”

వరండాలో పసిది ఇంకా ఏడుస్తోంది. ఆయన నా పదకొండో పేజీ మీద వేలు పెట్టి అన్నారు, “అసలు పేజీయే లేకపోతే నేను సరిచూడాల్సిందేమీ ఉండదు.”

మేడం స్కేలు ఆనించి నా పదకొండో కాగితం చింపారు. చప్పుడు రాకుండా, మెల్లగా, పుండు మీది పట్టీ తీసినట్టు. ఆయన దరఖాస్తు మీద సంతకం పెట్టారు. యమున పరీక్ష రాయొచ్చు.

మేడం నన్ను చంకన పెట్టుకుని తిన్నగా వెళ్ళి మార్గదర్శక కేంద్రం తాళం తీయించారు. అత్తని లోపలికి పిలిచి, చాపలు పరిచి, “ముందు పాలివ్వమ్మా,” అన్నారు. పసిదాని ఏడుపు ఆగింది. తర్వాత అడిగారు. రాత్రిళ్ళు నిద్రపోతున్నావా, ఏం తింటున్నావు, ఎక్కడిదాకా చదివావు, ఏ పాఠం మిగిలిపోయింది అని. యమున చెప్పింది. గంటన్నర చెప్పింది. మధ్యలో ఏడ్చింది. “చదువు మానిపించెయ్‌మంటన్నారమ్మా మావోళ్ళంతా. నానే పట్టుబట్టి పంపుతున్నాను,” అంది అత్త. పరీక్షలయ్యేదాకా గది తాళంచెవి యమున దగ్గరే ఉండేటట్టు, పదకొండింటికి పసిదాన్ని అత్త తెచ్చేటట్టు మాటయ్యింది.

నేను బెంచీ మీద తెరిచే ఉన్నాను. మేడం పెన్ను తియ్యలేదు. ఆ కాలేజీలో జరిగిన ఒకే ఒక్క కౌన్సెలింగ్ గురించి నాలో ఒక్క అక్షరం కూడా పడలేదు.

యమున అన్ని పేపర్లూ రాసింది, పాసయ్యింది. అటెండరు చెబుతుంటే విన్నాను. మేడంకి బదిలీ అయింది. గదికి మళ్ళీ తాళం పడింది. పదకొండింటికి తలుపు దగ్గర ఎవరూ నిలబడటం లేదు. నిజం చెప్పొద్దూ, ఆ పసిదాని ఏడుపైనా వినపడితే బాగుండునని ఉంటుంది నాకు.

మొన్న ఇంకో కమిటీ వచ్చింది. కళ్ళజోడు ఆఫీసరొకాయన నన్ను తీసి దుమ్ము దులిపి, పేజీలు లెక్కపెట్టాడు.

“పదో నంబరు తర్వాత పన్నెండుంది. పదకొండో అమ్మాయేమయింది?”

గుమాస్తా తడుముకోలేదు. “మధ్యలో మానేసిందండి.”

ఆయన తన కాగితంలో ‘చదువు మానేసినవారు ఒకరు’ అని రాసుకున్నాడు. మిగిలిన పంతొమ్మిది మందిలో ముగ్గురు హాజరు చాలక పరీక్షే రాయలేదు. వాళ్ళ పేజీలు కూడా తిరగేశాడు. సమస్యలేమీ లేవు, సమస్యలేమీ లేవు, సంతృప్తికరం.

“శ్రద్ధగా రాశారండీ,” అని మెచ్చుకుని, నా చివరి పేజీలో సంతకం పెట్టి వెళ్ళాడు.