మోటారొక్కటే

వంటగట్టు కింద, సింకు గొట్టానికీ గోడకీ మధ్య తల ఇరికించి, పానా బాబాయ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నీటిచుక్క ఒకటి తిన్నగా కళ్ళద్దాల మీద పడింది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఒక చేతిలో పానా, రెండో చేతిలో ఎక్కడినుంచి ఊడిందో తనకే గుర్తులేని నట్టు.

"అయిందా బాబాయ్?" పైనుంచి టీచరమ్మ అడిగింది. మూడంతస్తుల ఆ అపార్టుమెంటుకు ఈ ఏడాది ఆవిడే కార్యదర్శి.

"అవుతుందమ్మా. ఇవాళ చూడనీ ముందు."

చూడటానికి ఒకసారి, చెయ్యడానికి ఒకసారి, చేసింది ఎలా ఉందో కనుక్కోవడానికి మరొకసారి. ఆయన పద్ధతి అది. ఆలస్యమైతే అవుతుంది గానీ, వెళ్ళిన ప్రతిసారీ ఓ టీ, ఓ అరగంట కబుర్లు. గోరంత పనికి కొండంత కాలక్షేపం అని అపార్టుమెంటులో వాళ్ళు నవ్వుకునేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నవ్వితే నవ్వనీ, తలుపైతే తీస్తున్నారు కదా.

నిజానికి ఆయన ప్లంబరూ కాదు, ఎలక్ట్రీషియనూ కాదు. ఓ గోదాములో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాడు. పిల్లల్లేరు. భార్య పోయాక పరామర్శలు కొన్నాళ్ళు సాగి ఆగిపోయాయి. తర్వాత ఆ తలుపు తట్టినవాళ్ళు లేరు. గడియారం చప్పుడు కూడా భరించలేక దాని బ్యాటరీ తీసి పక్కన పెట్టిన రోజుల్లో, పక్కింటతను వచ్చి పానా ఉందా అని అడిగాడు. ఆయన పానా ఇచ్చి ఊరుకోలేదు. దాని వెంట తనూ వెళ్ళాడు. కొళాయి బాగుపడిందో లేదో గానీ, ఆ పూట వాళ్ళింట్లోనే భోజనం చేశాడు. మర్నాడు బజారుకెళ్ళి స్క్రూడ్రైవరు, టెస్టరు, టేపు కొనుక్కొచ్చాడు. పానా బాబాయ్ అయిపోయాడు.

మెట్ల దీపం, గేటు గడియ, నీళ్ళ మోటారు. అందరిదీ అయిన వస్తువు పాడైతే, పనివాళ్ళను పిలవాలా వద్దా అన్నదానికి అక్కడ ఒకటే కొలత. "బాబాయ్ వల్ల అవుతుందా?" అవదని ఆయన ఇంతవరకూ అనలేదు.

సింకు కిందనుంచి లేవబోతుంటే కిందెక్కడో కేక వినిపించింది.

మోటారు గది ముందు కుట్టుపని అమ్మాయి కూలబడి ఉంది. కింది వాటాలో మిషను కుట్టుకుంటూ ఒంటరిగా బతికే పిల్ల. స్విచ్చి వెయ్యబోతే షాకు కొట్టి విసిరేసింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. పెదాలు తెల్లబడ్డాయి.

"ఏం కాలేదు బాబాయ్. తడి చెయ్యి పెట్టానేమో. నాదే పొరపాటు," అంది.

ఆయన మెయిన్ ఆపి, టార్చి వేసి స్విచ్చి పెట్టెలోకి చూశాడు. ఈమధ్య తను చుట్టిన టేపే. అతుకు ఒకచోట, టేపు ఒకచోట. రాగి తీగ బయటికి మెరుస్తోంది. చుట్టినప్పుడు సరిగ్గా కనబడలేదు. కనబడలేదని అప్పుడూ తెలుసు. వేళ్ళతో తడిమి, సరేలే అనుకున్నాడు. తనను రానిచ్చే ఇళ్ళలో ఒక ఇంటి పిల్లను చంపబోయాడు.

సాయంత్రం డాబా మీద కుర్చీలు వేసుకుని అందరూ కూర్చున్నారు. మరమ్మతుల కంపెనీ ఒకటుందని, ఫోను చేస్తే పని నేర్చినవాళ్ళే వస్తారని టీచరమ్మ చెప్పింది. ఈ మాట ఇదివరకూ వచ్చింది. వచ్చినప్పుడల్లా, "ఇంట్లోవాణ్ణి నేనుండగా పైవాళ్ళెందుకమ్మా," అని ఆయనే కొట్టిపారేశాడు. ఇవాళా అదే అంటాడని అందరూ ఆయన వైపు చూశారు. కుట్టుపని అమ్మాయి కట్టుకట్టిన చేతిని మెల్లగా వెనక్కి దాచుకుంది. అది ఆయన కంట పడనే పడింది.

"పిలవండమ్మా," అన్నాడు. "మోటారు నావల్ల కాదు. చూపు ఆనడం లేదు. ఆ అతుకు వేసింది నేనే."

తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"అయ్యో బాబాయ్, ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎంత కష్టపెట్టాం!" టీచరమ్మ కళ్ళు చెమర్చాయి. "ఈ వయసులో మిమ్మల్ని సింకుల కింద దూరమంటామా? ఇకనుంచి కొళాయిలు, దీపాలు, అన్నీ కంపెనీకే. మీరు హాయిగా కూర్చోండి."

"మోటారొక్కటే అన్నానమ్మా," అన్నాడాయన.

అప్పటికే అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. ఆ మాట ఎవరికీ వినబడలేదు.

వారం తిరిగాక, సింకు ఎలా ఉందో చూసిపోదామని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. గొట్టానికి కొత్త నట్టు తళతళలాడుతోంది. చుక్క కారడం లేదు. "నిమిషంలో పెట్టేశారు బాబాయ్," అందావిడ. కూర్చోమంది కూడా. కూర్చోవడానికి ఆయనకు కారణం దొరకలేదు.

ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు వాళ్ళు. తెప్పను జాగ్రత్తగా ఒడ్డుకు చేర్చి, ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పారు, అంతే. "తాతగారు పడుకునుంటారు, చప్పుడు చెయ్యకండి," అంటూ మెట్ల మీద పిల్లల్ని మునివేళ్ళ మీద నడిపించేవారు. లోపల ఆయన మెలకువగానే ఉండేవాడు. ఎవరూ తట్టడం లేదా, తట్టినా తనకే వినబడటం లేదా అని అనుమానం పట్టుకుంది. చూపు పోయినట్టే వినికిడీ పోతోందేమో. వెళ్ళి ఓ కాలింగ్ బెల్లు కొనుక్కొచ్చాడు. భూతద్దం పెట్టుకుని, తీగ ఎక్కడా బయటపడకుండా టేపు చుట్టి, బిగించుకున్నాడు.

వానలు మొదలయ్యాక, కంపెనీ మనిషి ఇంటింటికీ తిరిగి గొట్టాలు చూస్తూ ఆయన వాటా ముందు ఆగి బెల్లు నొక్కాడు. అది భవనమంతా వినబడేలా మోగింది. ఈ మోత ఎక్కడిదని జనం మెట్ల మీదికి వచ్చి తొంగిచూశారు. మళ్ళీ నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు.

టీచరమ్మ దగ్గరున్న మారుతాళంతో తీశారు. గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, అందులోనే ఒరిగిపోయి ఉన్నాడు. తెల్లవారుజామునే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు.

"మొన్న తలుపు దాకా వచ్చాను. పడుకున్నాడేమో, ఎందుకు లేపడమని వెళ్ళిపోయాను," అంది కుట్టుపని అమ్మాయి. ఏడ్చింది.

అంతా ముగిసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. గుమ్మం పక్కన, చిన్నపిల్లలకు కూడా అందే ఎత్తులో బిగించిన బెల్లు స్విచ్చి, కొన్ననాటి పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా ఊడకుండా, అలాగే ఉంది.