పడవాయన అడిగింది

శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంటకి, రాయదుర్గంలోని ఒక గాజు భవనం ఏడో అంతస్తు క్యాంటీన్లో, కిటికీ పక్క బల్ల దగ్గర నలుగురు చేరతారు. డబ్బాల మూతలు పూర్తిగా తీయకముందే ఆట గురించి మొదలుపెడతారు. ఆ వీడియో గేమ్ అసలు పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంటుంది, పలకడానికి నోరు తిరగదు. అందుకని వాళ్ళు దాన్ని "కోట" అనే అంటారు. ఇరవయ్యేళ్ళుగా వస్తోంది, ఇప్పటికి ఎనిమిది భాగాలయ్యాయి. కత్తులు, మాట్లాడే గుర్రాలు, శాపం తగిలిన రాజ్యాలు, అన్నీ ఉంటాయందులో. ఒకే ఆటని నలుగురూ నాలుగు దారుల్లో ఆడి, ఎవర్ని కాపాడారో, ఎవర్ని వదిలేశారో చెప్పుకుంటారు. ఎవరి పిచ్చి వారికానందం.

ఉదయ్ భాస్కర్‌ది భీమవరం. కూకట్‌పల్లిలో ఇల్లు కొనుక్కున్నాడు. టీమ్ లీడైనా ఎంత చిన్నవాళ్ళనైనా 'గారూ' అని పిలుస్తాడు. రసజ్ఞ అతని టీములోనే పనిచేస్తుంది. శేఖర్ ఆ భవనం పార్కింగులో సెక్యూరిటీ. పాత భాగాలన్నీ ఫోన్లోనే ఆడేసిన ఘనుడు, కాబట్టి ఆ బల్ల దగ్గర అతని మాటకి విలువెక్కువ. నాలుగో మనిషి ప్రవళిక. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ లింగంపల్లిలో తండ్రి మొగిలితో ఉంటుంది.

కోట ప్రతి భాగం చివరా ఒక నది వస్తుంది. రేవులో ముసలి పడవాయన ఉంటాడు. ఆవలి ఒడ్డుకి దాటించాలంటే ఆయనకి ఏదో ఒకటి ఇచ్చిపోవాలి. ఆటలో ఏదిస్తే ఇంట్లోనూ అలాంటిదే పోతుంది. ఇది ఆడేవాళ్ళందరికీ తెలిసిందే, అందుకని చూసుకుని ఇస్తారు. ఉదయ్ భాస్కర్ ఐదో భాగంలో దీపం ఇచ్చాడు. ఎన్ని బల్బులు మార్చినా వాళ్ళ వరండాలో లైటు వెలగదు. వేణువు ఇచ్చిన శేఖర్‌కి ఈల వేయడం రాకుండా పోయింది. రసజ్ఞ తెలివైంది. ఏడో భాగంలో పక్షిని ఇచ్చేసింది, మర్నాటి నుంచి వాళ్ళ బాల్కనీకి పావురాలు రావడం మానేశాయి. పక్క ఫ్లాట్లవాళ్ళు ఆ ఆట తమకీ నేర్పమని ఆమె వెంటపడ్డారు.

వాళ్ళ నలుగురికీ ఒక నియమం ఉంది. కొత్త భాగంలో నది దాటనివాళ్ళు, ఆవలి ఒడ్డు కబుర్లు మొదలవగానే బల్ల వదిలి లేచిపోవాలి. కథ ముందే తెలిస్తే ఆడిన సుఖం ఉండదు కదా. ఎనిమిదో భాగం వచ్చాక రెండు శుక్రవారాలు వరసగా ప్రవళిక డబ్బా పట్టుకుని నీళ్ళ మిషన్ పక్కన నిలబడి తిన్నది. బల్ల దగ్గర ముగ్గురూ విరగబడి నవ్వుకుంటుంటే ఆమెకి ఉక్రోషం వచ్చింది.

ఆమె వెనకబడటానికి కారణం తండ్రి. అప్పటిదాకా ఆయన పక్కన లేకుండా ఆమె ఎప్పుడూ కోట ఆడలేదు, ఆయనకేమో తీరిక తక్కువ. తల్లి పోయిన ఏడాది ఆమె పదో తరగతి. ఆ ఇంట్లో తండ్రికి బిడ్డతో ఏం మాట్లాడాలో తెలియలేదు, బిడ్డకి తండ్రితో ఏం మాట్లాడాలో తెలియలేదు. ఒకరోజు మొగిలి ఎవరో వాడి వదిలేసిన గేమ్ పెట్టె ఒకటి సంచిలో వేసుకుని తెచ్చాడు. అందులో ఉన్న ఒకే ఒక్క ఆట కోట మొదటి భాగం. ఆయనకి ఇంగ్లీషు రాదు. తెర మీద వచ్చే ప్రతి మాటా ఆమె తెలుగులో చదివి చెప్పాల్సి వచ్చేది. రాక్షసి ఏమన్నదో చెప్తే, దానికి ఏమనాలో ఆయన చెప్పేవాడు. అలా ఆ ఇద్దరికీ మళ్ళీ మాటలు వచ్చాయి. హీరో వెంట నడిచే తోడు మనిషికి పేరు పెట్టమని ఆట అడిగితే ఆమె మొగిలి అని పెట్టింది. బతికున్న మనిషి పేరు తోడుకు పెట్టకూడదని ఆడేవాళ్ళలో ఒక మాట ఉంది గానీ, పదో తరగతి పిల్లకి అదెవరు చెప్తారు. ఆ తోడు భాగం నుంచి భాగానికి నడుస్తూ పద్నాలుగేళ్ళుగా ఆమె వెంట వస్తున్నాడు.

ఆ రెండో శుక్రవారం తర్వాతి ఆదివారం మొగిలికి తెల్లాపూర్‌లో డ్యూటీ పడింది. అక్కడొక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఆయన సెక్యూరిటీ సూపర్‌వైజర్. పొద్దున వెళ్తూ, "నది కాడ ఆపు బిడ్డా, నేనొచ్చినంక దాటుదాం" అన్నాడు. ఆమె సరేనన్నది. మధ్యాహ్నానికి నది వచ్చింది. ఇంకో శుక్రవారం నీళ్ళ మిషన్ పక్కన నిలబడటం ఆమె వల్ల కాలేదు. టెస్టింగ్ చేసేవాళ్ళు తెర మీది ప్రతి అక్షరం చదువుతారని కంపెనీలు అనుకుంటాయి. నిజానికి రోజుకి మూడొందలసార్లు అవే ప్రశ్నలు చూసి చూసి వాళ్ళ వేళ్ళు వాటంతటవే 'సరే' నొక్కేస్తాయి. చదివి చెప్పడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి ప్రవళిక కూడా చదవలేదు. పడవాయన ఏదో అడిగాడు, నొక్కింది. మళ్ళీ అడిగాడు, నొక్కింది. మూడోసారీ నొక్కింది.

పడవ కదిలాక చూస్తే అందులో హీరో ఒక్కడే ఉన్నాడు. తోడు ఒడ్డు మీద నిలబడి, తల వంచుకుని, నీళ్ళలోకి చూస్తున్నాడు.

సోమవారం తెల్లాపూర్‌లో హాజరు మిషన్ మొగిలి వేలు తీసుకోలేదు. చేతులు కడుక్కుని పెట్టినా తీసుకోలేదు. మంగళవారం, తాను పనిలో పెట్టుకున్న గార్డే గేటు దగ్గర ఆపి, "ఎవరు కావాలె పెద్దాయనా?" అని అడిగాడు. బుధవారం రైల్లో కిటికీ సీట్లో కూర్చుంటే, ఎక్కినవాడొకడు బ్యాగు తెచ్చి సరిగ్గా ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆ రోజు నుంచి మొగిలి డ్యూటీకి పోలేదు.

"మనుషులకేమైందో ఏమో బిడ్డా," అన్నాడు ఇంటికొచ్చి. "నన్ను చూస్తరు గని, నేను వాళ్ళ కండ్లకు ఆన్తలేను."

ప్రవళికకి ఒడ్డున నిలబడ్డ తోడు గుర్తొచ్చాడు. ఇదంతా ఎందువల్లో ఆయనకి చెప్పలేదు. చెప్తే ఆయన ఏమంటాడో ఆమెకి తెలుసు. పోనీ బిడ్డా, నువ్వు దాటినవు గదా, అంటాడు.

గురువారం పొద్దున కింది వాటాలో ఉండే అంజమ్మ కొత్తిమీర ఇవ్వడానికి వచ్చింది. మొగిలి కుర్చీలోనే ఉన్నాడు, ఆమె చూపు ఆయన మీదుగా గోడకి పోయింది. "ఒక్కదానివే ఎట్లుంటవమ్మా ఇంత ఇంట్ల," అన్నది జాలిగా. ప్రవళిక ఏదో నసిగి ఆమెని పంపేసి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కడిగి కుక్కర్లో పోశాక చూసుకుంది. ఒక్క మనిషికి సరిపడా పోసింది. తన చేత్తోనే పోసింది. అప్పుడు పట్టుకుంది ఆమెకి అసలు భయం. లోకం మరిచిపోతే మరిచిపోనీ, తనూ మరిచిపోయే రోజు దగ్గరలోనే ఉంది.

శుక్రవారం బల్ల దగ్గర ఎవరూ ఆమెని లేచిపొమ్మనలేదు. ఆమె చెప్పింది విన్నాక ఎవరూ ముద్ద కూడా ఎత్తలేదు.

"ఈ భాగంలో ఆయన అడిగే పద్ధతి మార్చారండి," అన్నాడు ఉదయ్ భాస్కర్. "ఏమిస్తావు అని అడగడు. నీ పక్కనున్నవాణ్ణి ఇస్తావా అని మూడుసార్లు అడుగుతాడు. కాదంటే మామూలుగానే తాడో కత్తో పుచ్చుకుంటాడు. మీరు చదవలేదాండీ?"

"లేదు సర్."

"నా తోడు పేరు ఆవకాయ," అన్నది రసజ్ఞ మెల్లిగా. "రెండోసారి ఆడినప్పుడు ఏమవుతుందో చూద్దామని ఇచ్చేశాను. ఇంట్లో జాడీకి జాడీ బూజు పట్టింది. నేను నవ్వుకున్నా, ప్రవళీ. మనిషి పేరు పెడతారని నాకు తట్టనేలేదు."

"పాత సేవ్ ఏదైనా ఉందాండీ? వెనక్కి వెళ్ళడానికి?" అడిగాడు ఉదయ్ భాస్కర్.

"ఒక్కటే ఉంచుకుంట సర్. మొదట్నించి అంతే."

ఉదయ్ భాస్కర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చెప్పకూడదు గానీండి, తోడు ఆ ఒడ్డున వారం రోజులే నిలబడతాడు. రసజ్ఞ గారి ఆటలో చూశాను. ఎనిమిదో రోజున వెనక్కి తిరిగి మంచులోకి వెళ్ళిపోతాడు."

అంటే ఎల్లుండి ఆదివారం. ప్రవళిక బల్ల అంచు పట్టుకుంది.

"అక్కా, ఒకటున్నది," అన్నాడు శేఖర్. "మూడో భాగంల చూసిన. పడవాయన మాట్లాడుతుంటే నడుమ నొక్కకుంట, ఆయన మాటలు అయిపోయేదాక ఇనాలె. గంట పడ్తది. అందరు దుంకిచ్చి పోతరు. ఇన్నోళ్ళను ఆఖరికి అడుగుతడు, ఇచ్చింది వాపస్ ఇస్త, బదులు ఇంకోటి ఇస్తవా అని."

"ఏమడుగుతడు?" అన్నది ప్రవళిక.

"ఇద్దరు కలిసి నడిచిన తొవ్వ."

"అంటే ఇంట్లో ఏం పోతుంది?" అడిగింది రసజ్ఞ.

శేఖర్ తన డబ్బాకి మూత పెట్టాడు. "మా బస్తీల మునిస్వామి అని ఒకాయన తమ్ముని కోసం ఇచ్చిండు. తమ్ముడు దక్కిండు. మంచిగున్నడు, నౌకరి చేస్తుండు. ఇద్దరు ఒకే ఇంట్ల కిరాయికున్నోళ్ళ లెక్క ఉంటరు. తమ్ముడంటె తమ్ముడే అని తెలుసు మునిస్వామికి. గంతే తెలుసు."

ఆదివారం పొద్దున టిఫిన్ కాగానే ప్రవళిక చాప పరిచి, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆట పెట్టింది. ఎండ పడుతుంటే ఆయన భుజంలోంచి వెనక గోడకున్న క్యాలెండర్‌లో అంకెలు కనిపిస్తున్నాయి. తెర మీద తోడు అప్పుడే సగం పక్కకి తిరిగి ఉన్నాడు. ఆమె పడవని వెనక్కి మళ్ళించి రేవుకి తెచ్చింది.

పడవాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె ఒక్క మాట కూడా వదలకుండా చదివి తెలుగులో చెప్పింది. నది ఎక్కడ పుట్టిందో చెప్పాడు. పడవ ఏ చెట్టు మానుతో చేశారో చెప్పాడు. దాటినవాళ్ళ పేర్లు, దాటనివాళ్ళ పేర్లు చెప్పాడు. మొగిలి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మొదటి భాగం విన్నట్టే విన్నాడు. నడుమ ఒకసారి నవ్వాడు కూడా. ఆ నవ్వు ఆమెకి వినిపించలేదు, పెదాలు కదలడం మాత్రం చూసింది. గంట దాటింది. పడవాయన మాటలు అయిపోయాయి. తెర కాసేపు ఊరికే ఉండి, చివరి ప్రశ్న వచ్చింది. మీరిద్దరూ కలిసి నడిచిన దారి మొత్తం ఇస్తావా, అని.

"ఏమంటుండు?" అడిగాడు మొగిలి. గొంతు పక్కింట్లోంచి వచ్చినట్టుంది.

పద్నాలుగేళ్ళలో ఆమె ఆయనకి ఒక్క మాట కూడా తప్పు చదవలేదు. "తాడు అడుగుతుండు బాపూ," అన్నది.

"ఇచ్చెయ్ బిడ్డా. తాడుకేముంది, ఇంకోటి దొరుకుతది."

ఆమె ఆయన ముఖం వంక చూసింది. చూడగలిగినంతసేపు చూసింది. తర్వాత నొక్కింది.

సోమవారం హాజరు మిషన్ మొగిలి వేలు తీసుకుంది. గార్డు లేచి సెల్యూట్ కొట్టాడు. అంజమ్మ మెట్ల మీద ఆపి, నాలుగు రోజులుగా కనబడలేదేంది, జరమొచ్చిందా అని అడిగింది. మొగిలి సంబరంగా వచ్చి ఇదంతా చెప్తే ప్రవళిక విని, మంచిదన్నది. ఆయన ఇంత సంతోషపడాల్సింది ఇందులో ఏముందో ఆమెకి అర్థం కాలేదు.

శుక్రవారం క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల నుంచి వేరే టీమ్ లీడు ఒకాయన లేచి నిలబడి, "రండి ప్రవళిక గారూ, మీ నాన్నగారు ఎలా ఉన్నారండీ?" అని పిలిచాడు. పక్కన ఒకమ్మాయి, పార్కింగు సెక్యూరిటీ అతను ఉన్నారు. ముగ్గురూ ఆమె వంకే చూస్తున్నారు. బాగున్నారని మర్యాదగా చెప్పి, ఈయనకి తన పేరెలా తెలుసా అనుకుంటూ ఆమె తన డబ్బా తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చుంది. సెక్యూరిటీ అతను తినడం ఆపి తల దించుకున్నాడు.

ఆదివారం పొద్దున మొగిలి చాప పరిచి టీవీ ముందు కూర్చున్నాడు. ఆయన చేతిలో ఏదో నల్లటి వస్తువు ఉంది, మీటలున్నది.

"రా బిడ్డా. ఆవలి ఒడ్డుకేమున్నదో చూద్దాం."

"ఏ ఒడ్డు?" అన్నది ప్రవళిక. ఆయన టిఫిన్ పళ్ళెం తీయడానికి వచ్చింది. తల్లి పోయాక ఈ పెద్దాయన తననెంతో కష్టపడి చదివించాడని ఆమెకి తెలుసు. ఆ సాయంత్రాలు గుర్తు చేసుకుంటే మాత్రం చాప ఒక్కటే గుర్తొస్తుంది, దాని మీద ఎవరూ ఉండరు.

మొగిలి చేతిలో వస్తువు చాప మీద పెట్టాడు. "ఆ దినం పడవాయన అడిగింది తాడు కాదు గదా," అన్నాడు.

ఆమె నవ్వింది. "నాకు ఆటలు రావు బాపూ. మీకెవరు నేర్పిన్రు ఇది?"

"నా బిడ్డ," అన్నాడు మొగిలి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తను పుట్టకముందు ఆయనకి ఇంకో కూతురు ఉండి పోయిందేమో అనుకుంది ప్రవళిక. అడిగితే ఇంకా బాధపడతాడని అడగలేదు. ఆయన చేతికి మంచినీళ్ళ గ్లాసు అందించి, పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.