నీలం మూతల దారి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం మా ఆయన ఆకాశంలోంచి పడిపోతాడని కాదు. క్షేమంగా నేల మీదకి దిగాక దారి తప్పి, తప్పానని చెప్పకుండా ముందుకు పోతాడని.

ఈ మాట చెప్తే పక్కింటివాళ్లు నవ్వారు. విమానం నడిపేవాడికి నేల మీద భయమేమిటన్నారు. వాళ్లకి మా ఆయన సంగతి తెలియదు. పాప పుట్టాక ఆసుపత్రి నుంచి మమ్మల్ని ఇంటికి చేర్చడానికి పావుగంట చాలు. గంటన్నర తిప్పాడు. ఒకే పెట్రోలు బంకు ముందు నుంచి మూడుసార్లు వెళ్లాం. మూడోసారి బంకులో మనిషి మాకు చెయ్యి కూడా ఊపాడు. "ఎవర్నైనా అడగకూడదూ?" అంటే, "నాకు తెలుసులే" అన్నాడు.

ఆయన నడిపేది ఒకే ఇంజనున్న చిన్న విమానం. మందుల పెట్టెలు చేరవేస్తాడు. ఇన్నాళ్లూ పగలే వెళ్లి, ఊరి చివర చిన్న మైదానంలో దిగేవాడు. అక్కడ ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు. తప్పుదామన్నా రెండో దారి లేదు. పోయిన నెల కంపెనీవాళ్లు రాత్రి డ్యూటీ వేశారు. ఇక మీదట మా డాబా మీంచి కనిపించే పెద్ద విమానాశ్రయంలో దిగాలి.

ఆ రోజే దాని పటం తెచ్చి బల్ల మీద పరిచాడు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకది చిక్కుపడ్డ నూలు ఉండలా కనిపించింది. ఆయనే విడమరిచి చెప్పాడు. విమానం దిగేది, ఎగిరేది రన్‌వే మీద. దిగాక మెల్లగా నడిచి వెళ్లే దారులు టాక్సీవేలు. వాటికి ఏ, బీ, సీ అని పేర్లు. రాత్రిపూట రన్‌వే అంచున తెల్ల లైట్లు, టాక్సీవేల అంచున నీలం లైట్లు.

"పైనుంచి చక్కగా కనిపిస్తాయి. కిందకి దిగాక మాత్రం ఎటు చూసినా నీలమే. చుక్కలు నేల మీద ఒలకబోసినట్టుంటుంది" అన్నాడు సంబరంగా.

నాకు సంబరం రాలేదు. "తప్పిపోయి మళ్లీ రన్‌వే మీదకి వెళ్తే?"

"వెళ్లను."

"వెళ్తే?"

"అదే టైముకి పెద్ద విమానం దిగుతుంటే..." అని ఆగాడు. "అందుకే రూలొకటుంది. అనుమానం రాగానే ఉన్నచోటే ఆగిపోవాలి. దారి తప్పానని, విమానాలకి దారి చెప్పే టవర్‌కి చెప్పాలి. వాళ్లు ముందు నడిచి దారి చూపే బండి పంపిస్తారు."

"చెప్తారా మీరు?"

"అంత అవసరం రాదు. నాకు తెలుసులే."

పటం మడిచి నా దగ్గరే దాచుకున్నాను.

మర్నాడు వీధిలో తెలిసిన ఇళ్లన్నీ తిరిగి నీళ్ల సీసాల నీలం మూతలు పోగుచేశాను. నూట ఇరవై అయ్యాయి. హాల్లో సుద్దముక్కతో పటం గీశాను. వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా రన్‌వే, దాని అంచుల్లో తెల్ల చొక్కా గుండీలు. సోఫా పక్క నుంచి ఏ, బీరువా దగ్గర బీ, భోజనాల బల్ల కింద నుంచి సీ, అన్నిటి అంచులా నీలం మూతలు. మందుల పెట్టెలు దించే చోటు పాప ఉయ్యాల. అక్షరాలు నేనే రాశాను. కాస్త వంకరగా వచ్చాయి కానీ, చదువుకోవచ్చు.

అత్తయ్య మంచమెక్కి టవర్ అయింది. మైకు బదులు గరిటె. ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, మూతల మీద ఫోను వెలుగు పడేలా పెట్టి, ఆయన్ని పాప మూడు చక్రాల సైకిలు మీద కూర్చోబెట్టాం. మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి.

"టవర్, దిగాను."

"దిగితే దిగావు గానీ, బీరువా దగ్గర కుడికి తిరుగు నాయనా."

"అమ్మా, బీరువా అనకూడదు. బీ అనాలి."

"బీరువా కదిలిపోతుందా ఏమిటి? తిరుగు ముందు!"

ఆయన ఎడమకి తిరిగాడు.

"ఒరేయ్, గుండీల మధ్యకొచ్చావు! నీ నెత్తిన రెండొందల మంది దిగుతున్నార్రా!"

"ఒక్క నిమిషం. నాకు తెలుసు" అంటూ సైకిలు వెనక్కి లాగుతున్నాడు.

"వీడంతేనమ్మాయ్" అంది అత్తయ్య నాతో. "ఒకటో తరగతిలో బడి నుంచి ఎవరింటికో వెళ్లాడు. ఇది మా ఇల్లు కాదని ఒప్పుకోలేక వాళ్లింట్లోనే అన్నం తిని పడుకున్నాడు."

ఈలోగా పాప నాలుగు మూతలు ఏరుకుని పోయింది. లైట్లు పోయాయని ఆయన గొడవ. "అక్కడా ఒకటో రెండో వెలగవు. అలవాటు చేసుకోండి" అన్నాను.

పది రోజులయ్యేసరికి కళ్లు మూసుకుని ఉయ్యాల దాకా వెళ్లగలిగాడు. కానీ తప్పినప్పుడల్లా ఏదో ఊహించి తిరిగాడే తప్ప, దారి తప్పానని ఒక్కసారీ అనలేదు. వెళ్లే రోజు గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"ఒక్కసారి అని వెళ్లండి."

"ఏమని?"

"దారి తప్పానని."

నవ్వి, పాప బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు.

రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కాం. అత్తయ్య, నేను, నా భుజాన నిద్రపోతున్న పాప. టవర్ మాటలు వినే చిన్న రేడియో ఆయన ఇంట్లోనే వదిలాడు. ఇంగ్లీషే గానీ, తిప్పి తిప్పి అవే నాలుగు మాటలు. పది రోజుల్లో నాకూ పట్టుబడ్డాయి. అందుకే ఆ ముక్క అర్థమైంది. గాలి మారిందట. ఇక అందరూ రన్‌వే అవతలి కొస నుంచి దిగాలట.

మేం నేర్పిందంతా వీధి గుమ్మం నుంచి వంటింటికి. వంటింటి నుంచి గుమ్మానికి ఒక్కసారీ నేర్పలేదు.

"అత్తయ్యా, ఈయన వంటింట్లోంచి వస్తున్నారు!"

"అయ్యయ్యో! అయితే బీరువా అటు పక్కకి పోయిందే!"

చిన్న దీపమొకటి దిగింది. బీ దగ్గర ఎడమకి తిరగమంది టవర్. అలాగేనన్నాడు ఆయన. ఆ గొంతు నాకు తెలుసు. పెట్రోలు బంకు ముందు నుంచి మూడోసారి వెళ్లినప్పటి గొంతు.

దీపం నీలం లైట్ల మధ్య మెల్లగా నడిచింది. ఒకచోట నెమ్మదించి తిరిగింది. అటు పక్కన రన్‌వే తెల్ల లైట్ల వరస. దూరంగా ఆకాశంలో పెద్ద విమానం దీపాలు కిందకి దిగుతున్నాయి.

"ఆగండి" అన్నాను పైకే.

"ఆగరా" అంది అత్తయ్య, గరిటె లేని చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని.

దీపం ఆగింది. రేడియో గరగరలాడింది. మాట లేదు. మళ్లీ గరగర. మూడోసారి ఆయన గొంతు వచ్చింది.

"టవర్, ఆగి ఉన్నాను. దారి తప్పాను."

అత్తయ్య రేడియోకి ముద్దు పెట్టింది. టవర్ మాత్రం ఏమీ జరగనట్టే, అక్కడే ఉండు, బండి పంపుతున్నాం అంది. ఇంతలో సన్నటి ఆడగొంతు.

"టవర్... నేనూ తప్పాను. ముందాయనకి తెలుసనుకుని వెనకే వచ్చేశాను."

టవర్‌లో మనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. పెద్ద విమానం వాళ్ల పక్కనే దిగి వెళ్లిపోయింది. తర్వాత పసుపు లైటు బండి వచ్చింది. దాని వెనక మా ఆయన, ఆయన వెనక ఆ అమ్మాయి, బాతుపిల్లల్లా కదిలారు.

"రెండుసార్లు మైకు మీట నొక్కి వదిలేశాను, నోరు పెగల్లేదు" అన్నాడు ఇంటికొచ్చాక. "నువ్వు గుమ్మంలో అడ్డం నిలబడ్డ వాలకం గుర్తొచ్చింది."

వారం తిరక్కుండా ఆ అమ్మాయిని మా ఇంటికి తీసుకొచ్చాడు. ఉత్తరాల సంచులు మోసే విమానం ఆమెది. బక్కగా, గలగలమంటూ ఉంటుంది. అత్తయ్య పిచ్చుక అని పేరు పెట్టేసింది. ఈసారి రెండు వైపుల నుంచీ నేర్పాం. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. ముందు ఎవరుంటే వాళ్ల వెనకే పోతుంది. ఒకసారి మూతలు ఏరుకుంటున్న పాప వెనకే సైకిలు తొక్కుకుంటూ స్నానాల గది దాకా వెళ్లింది.

పిచ్చుకని ఇప్పుడు వేరే ఊరికి మార్చారు. అక్కడ రాత్రి దిగే చిన్న విమానం ఆమెదొక్కటేనట. వెళ్లేటప్పుడు నలభై మూతలు మూటగట్టి ఇచ్చాను. ఫోను చేస్తే, "బాగున్నానక్కా, ఎవరో ఒకరు ముందుంటార్లే" అంటోంది.

మా ఆయన గురించి ఇప్పుడు నాకంత దిగులు లేదు. నిన్న కూరగాయల బజారులో కూడా ఇద్దర్ని దారి అడిగాడు. నా దిగులంతా ఈ పిల్ల మీదే. తోక మీద ఆకుపచ్చ చారున్న చిన్న విమానం మీ ఊళ్లో రాత్రి దిగితే, ఒక్కసారి వెళ్లి కనుక్కోండి. దారి తెలుస్తోందా అని అడగండి. తెలుసులే అంటే మాత్రం తిరిగి వచ్చేయకండి. ఇంకోసారి అడగండి.