తిరగెయ్యని చేప

ఏడో చేపకు పొలుసు గీకుతుండగా ఇంజను దగ్గి, మూలిగి, బోటు రేవు వదిలింది. మూయి తల ఎత్తలేదు. పందొమ్మిదేళ్ళుగా ఆ కుదుపు ఆమెకు అరికాళ్ళలోనే తెలుస్తుంది. కాళ్ళు వాటంతటవే కాస్త ఎడంగా జరిగాయి. కత్తి ఆగలేదు.

వంటగది అంటారు గానీ అది బోటు వెనక రేకు కప్పిన సందు. రెండు గ్యాసు పొయ్యిలు, ఒక తొట్టి, గిన్నెలు జారిపోకుండా అడ్డంగా తాడు కట్టిన ఒక అర. ఇద్దరు నిలబడితే ఒకరు ఊపిరి బిగబట్టాలి. కిటికీ అనుకోదగ్గ కన్నంలోంచి సున్నపురాతి కొండలు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటాయి. వాటిని చూడ్డానికి జనం విమానాలెక్కి వస్తారు. మూయికి వాటితో పనల్లా వంటకు సంబంధించిందే. ధూపం గిన్నెలాంటి రాయి కనిపిస్తే బియ్యం పొయ్యి మీద ఉండాలి, కోళ్ళజంట రాళ్ళు కనిపిస్తే నూనె కాగాలి. ఆ రాళ్ళు అందంగా ఉంటాయా అని ఎవరైనా అడిగితే, ఆమెకు కాసేపు ఆలోచించుకోవలసి వస్తుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పు పాదాలు. వేళ్ళ కణుపులు ఉబ్బి, ఉంగరం పెట్టుకోవడం ఎప్పుడో మానేసింది. ఎడమ బొటనవేలి గోరు చేపముల్లు గుచ్చుకుని నల్లబడి అలాగే ఉండిపోయింది. నీటి పల్లెలో, పడవలోనే పుట్టింది. పదేళ్ళ కిందట సర్కారువాళ్ళు ఆ పల్లె మొత్తాన్ని గట్టుకెక్కించి వరసగా ఇళ్ళిచ్చారు. కదలని నేల మీద నడిస్తే ఆమెకు ఇప్పటికీ సాయంత్రానికి మోకాళ్ళు లాగుతాయి.

ఇవాళ ముప్పై రెండు మంది, ఎనిమిది బల్లలు, ఎనిమిది చేపలు. తొమ్మిదోది చిన్నది, రాళ్ళ సందుల్లో దొరికే మచ్చల చేప. అది బోటుది కాదు. పొద్దున రేవులో ఆమె సొంతానికి కొన్నది.

అది మొగుడికి. తను అతన్ని అన్న మాట వెనక్కి తీసుకోవడానికి.

మొగుడు తోవాన్ ఒకప్పుడు ఈ బోటుకే సరంగు, చుక్కాని పట్టి నడిపేవాడు. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. 'ఊ' అనే మూలుగు, ఎడమచెయ్యి, కళ్ళు, ఇవే మిగిలాయి. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే వీపు పుండ్లు పడుతుంది. పనికి వెళ్ళేముందు ఆమె అతన్ని గోడవైపు పడుకోబెట్టి, వెనక్కి దొర్లకుండా వీపు దగ్గర పాత లైఫ్ జాకెట్ ఒకటి మడిచి దూరుస్తుంది. పదింటికి పక్కింటి గాయి వచ్చి కిటికీవైపు మారుస్తుంది. గోడంటే అతనికి గిట్టదు. కిటికీలోంచి కూడా సముద్రం కనపడదు, ఎదురింటి రేకుల పైన ఇంత ఆకాశం తప్ప. అయినా అటే కావాలంటాడు. రోజూ ఎడమచేత్తో మంచం కమ్మీ పట్టుకుని మొరాయిస్తాడు, రోజూ ఆమె బుజ్జగించి ఒక్కో వేలూ విడదీస్తుంది.

నిన్న రాత్రంతా నిద్ర లేదు. నడుం పట్టేసింది. ఇవాళ పొద్దున సందు చివర, రేవుకు తీసుకెళ్ళే వ్యానువాడు హారను మీద హారను కొడుతున్నాడు. వేళ్ళు విడదీసింది. అతను మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ విడదీసింది. మళ్ళీ పట్టుకున్నాడు.

"తిరగబడు! ఒక్కసారి తిరగబడి పోరాదూ, నీకూ నాకూ పీడ వదుల్తుంది!"

చెయ్యి వదిలేశాడు. 'ఊ' అని కూడా అనలేదు. ఆమె వంక ఒక్కసారి చూసి, తనంతట తనే కళ్ళు గోడకేసి తిప్పుకున్నాడు. ఆమె జాకెట్ దూర్చి, దుప్పటి లాగి, పరుగున వెళ్ళి వ్యానెక్కింది.

నీటి మీది జనం నోటితో అనని మాట అది. పడవ బోల్తా పడడాన్ని తలపించే మాటేదీ పలకరు. పెనం మీద చేపను కూడా 'తిరగెయ్' అనరు. 'ఒత్తిగిలించు' అంటారు, నిద్రపోతున్న పసిపిల్లను అన్నట్టు. కంచంలో చేపను పైపక్క తిన్నాక, వెన్నుముల్లు పైకెత్తి తీసేసి కిందిపక్క తింటారు తప్ప చేపను కదిలించరు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కోపంలో ఆ మాట అనేసింది మూయి. అత్తగారు గుండె పట్టుకుని కూలబడింది. తోవాన్ మాత్రం నవ్వి, గుప్పెడు బియ్యం ఆమె చేతిలో పోసి నీళ్ళలో వెయ్యమన్నాడు. చేపను ఒత్తిగిలిస్తున్నానని పైకి అంటూ వేయించమన్నాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు.

"అయిపోయిందిలే. నీళ్ళు వినలేదు," అన్నాడు.

ముప్పై అయిదేళ్ళలో మళ్ళీ ఆ మాట రాలేదు. ఇవాళ వచ్చింది. అది కూడా, మంచంలోంచి కదల్లేని మనిషి మీదకు వచ్చింది. అన్నది అతన్ని. కానీ దెబ్బ ఎక్కడ తగులుతుందో ఎవరికి తెలుసు? ఆమె కాళ్ళకింద బోటు ఉంది, అందులో ముప్పై రెండు మంది ఉన్నారు.

పైన మైకులో గైడు తియెప్ డ్రాగన్ కథ ఎత్తుకున్నాడు. వరిపొలాల మధ్య పుట్టినవాడు, నలభై దాటాక సముద్రానికి వచ్చాడు. రోజూ డ్రాగన్‌ను ఆకాశంలోంచి దింపి, దాని నోట్లోంచి ముత్యాలు కక్కించి, ముత్యాలను కొండలు చేస్తాడు. మైకు సరిగా పనిచేస్తే జనం చప్పట్లు కూడా కొడతారు.

గుహ దగ్గర బోటు ఆగి, జనమంతా మెట్లెక్కి వెళ్ళాక సరంగు ఖ్వే టీ కోసం వెనక్కి వచ్చాడు. తోవాన్ దగ్గర చుక్కాని పట్టడం నేర్చుకున్నవాడు. అతనికీ యాభై వచ్చాయి.

"ఏంటొదినా, పొద్దుట్నుంచీ నోట్లో ఉప్పు పోసుకున్నట్టున్నావ్? అన్న ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు."

"తిన్నాడా?"

"రెండు చెంచాలు జావ తాగాడు. గోడవైపు తిప్పితే మొరాయించాడు."

"మరి! గాలి ఎటు తిరిగినా చుక్కాని తన చేతిలో ఉండాల్సిన మనిషి. గోడ చూడమంటే చూస్తాడా?" ఖ్వే టీ ఊదుకుంటూ నవ్వాడు. "నా నెత్తి మీద ఎన్ని మొట్టికాయలు వేశాడో లెక్కలేదు. ఇప్పుడు ఒక్కటి వేస్తే బావుణ్ణు."

"ఇంజను బాగుందా?" అంది మూయి.

"బానే ఉంది. ఏం?"

"ఏం లేదు. చూసుకో."

ఖ్వే ఆమెను వింతగా చూశాడు. ఇంజను గురించి ఆమె అడగడం అతను ఎన్నడూ వినలేదు. అతను వెళ్ళాక ఆమె గుప్పెడు బియ్యం తీసి వెనక కమ్మీ దగ్గర నిలబడి నీళ్ళలో వదిలింది. ఆకుపచ్చ నీళ్ళలో గింజలు కాసేపు తెల్లగా మెరిసి మునిగిపోయాయి. ఫోను తీసి చూసింది. కొండల మధ్య సిగ్నల్ ఉండదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా చూసింది.

చిన్నచేపను అన్నిటికంటే ముందు వేయించింది. ఒకపక్క ఎర్రబడ్డాక, గరిట కింద దూర్చి, "ఒత్తిగిలిస్తున్నానయ్యా," అంది పైకే. ఎవరూ వినలేదు. చేప చర్మం ఎక్కడా చిట్లకుండా పక్క మారింది. ఆమె దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, తాడు కట్టిన అరలో అన్నిటికంటే లోపలికి నెట్టింది. సాయంత్రం ముళ్ళన్నీ తీసి జావలో మెదిపి, ఎదురుగా కూచుని తినిపించాలి. మాట వెనక్కి తీసుకోవాలి. అతను 'ఊ' అంటే చాలు.

మధ్యాహ్నం స్క్విడ్ వడలు వెళ్ళాయి, నిమ్మగడ్డి వేసి ఉడికించిన ఆల్చిప్పలు వెళ్ళాయి, వెల్లుల్లి తూటికూర వెళ్ళింది, చేపలు వెళ్ళాయి. మూయి చెమట తుడుచుకుంటూ తలుపు సందులోంచి చూస్తోంది. మూడో బల్ల దగ్గర ఒక తెల్ల జుట్టు పరదేశి పైపక్క తినేసి, తినే పుల్లలు రెండూ చేప కింద దూర్చి ఎత్తుతున్నాడు. మామూలుగా అయితే తియెప్‌కు సైగ చేస్తుంది. అతను పరుగెత్తుకెళ్ళి నవ్విస్తూ ఆపుతాడు. ఇవాళ ఆమె తడి చేతులతో తనే వెళ్ళిపోయింది. జనం తిరిగి చూశారు. వంటమనిషి బల్లల దగ్గరికి రావడం ఎవరికీ అలవాటు లేదు.

పరదేశి చేతిలోంచి పుల్లలు మెల్లిగా తీసుకుంది. తోక దగ్గర ముల్లు పట్టుకుని, పైకి, తలదాకా, ఒక్క లాగులో ఎత్తింది. వెన్నుముల్లు తెల్లగా, పూర్తిగా లేచి వచ్చింది. కింది మాంసం కంచంలో కదలకుండా ఉండిపోయింది. బల్లంతా చప్పట్లు కొట్టింది. ఎవరో ఫొటో తీశారు.

"అక్కగారూ, ఇది రోజూ చెయ్యండి, మైకు మీకిచ్చేస్తా," అన్నాడు తియెప్.

ఆమెకు నవ్వు రాలేదు. వంటగదిలోకి వచ్చి తొట్టి అంచు పట్టుకుని నిలబడింది.

తిరుగు ప్రయాణంలో జనమంతా పై అంతస్తులో కుర్చీల్లో వాలి నిద్రపోయారు. బోటుకు ఏమీ కాలేదు. గాలి లేదు, అల లేదు, ఇంజను పొద్దున్నంత బాగానే మూలుగుతోంది. ఆమె గిన్నెల గుట్ట ముందు పీట వేసుకుని కూచుంది. ఒళ్ళంతా అరిగిపోయినట్టుంది. ఇంకో గంట. తర్వాత వ్యాను అరగంట. తర్వాత జావ. ఒక్క రోజంటే ఒక్క రోజు అలా నీళ్ళ మీద పడుకుని, ఎవరినీ మార్చకుండా, ఎవరికీ వండకుండా ఉంటే ఎలా ఉంటుందో అనుకుంది. అనుకున్నందుకు మళ్ళీ బాధపడింది.

రేవు క్రేన్లు కనిపించే చోట ఫోన్లకు ప్రాణం వస్తుంది. ఆమె ఫోను చార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది. పైన, సరంగు గదిలో, ఖ్వే ఫోను మోగడం వినిపించింది. అతను 'ఆ' అన్నాడు. మళ్ళీ కాసేపటికి 'ఆ' అన్నాడు.

కాసేపటికి అతను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"లే వదినా. గిన్నెలు నేను తోముతా."

మూయి అతని వంక చూసింది. బోటు నడుస్తూనే ఉంది. చుక్కాని దగ్గర ఇంజనువాడున్నాడు కాబోలు. పందొమ్మిదేళ్ళలో, బోటు కదులుతుండగా సరంగు చుక్కాని వదిలి రావడం ఆమె చూడలేదు. తోవాన్ రాలేదు, ఖ్వే రాలేదు.

ఖ్వే చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నీళ్ళ మీద ఉండగా అలాంటి కబురు పలకరు. అతను పలకలేదు, ఆమె అడగలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ ఇరుకులో అతను తోముతుంటే ఆమె తుడిచింది. గిన్నెలన్నీ అయ్యేదాకా తుడిచింది. చివరి గిన్నె పెట్టాక తాడు కట్టి, లోపలి డబ్బా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అది ఇంకా కొంచెం గోరువెచ్చగానే ఉంది.

రేవులో ఖ్వే ఆమెను తన బండి మీద ఎక్కించుకున్నాడు. దారిలో, "గట్టిగా పట్టుకో," అన్నాడొక్కసారి.

ఇంటిముందు చెప్పులు చాలా ఉన్నాయి. గాయి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"ఎన్ని ఫోన్లు చేశానో అక్కా. పదింటికొచ్చా. కిటికీవైపు తిరిగి హాయిగా నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాక వెళ్ళిపోయా. మళ్ళీ జావ తీసుకొస్తే..." ముక్కు చీదుకుంది. "నువ్వొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలా. ఎలా ఉన్నాడో అలాగే ఉంచా."

మూయి గుమ్మంలోనే ఆగింది.

"ఎటువైపు?"

"కిటికీవైపు. పొద్దున నువ్వే కదా అలా పడుకోబెట్టి వెళ్ళావ్! రోజూ గోడవైపు పెడతావు, ఇవాళ అన్న మాట నెగ్గింది అనుకున్నా."

మూయి డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళింది. తలదగ్గర గాయి, పోయినవాళ్ళకు పెట్టే అన్నం గిన్నె ఉంచి, దానిమీద ఉడికించిన గుడ్డు పెట్టి అగరొత్తి వెలిగించి ఉంచింది. తోవాన్ ఎడమపక్కకు, కిటికీకేసి, మోకాళ్ళు కాస్త ముడుచుకుని ఉన్నాడు. పడిపోయిన కుడికాలు వెనక ఎక్కడో చిక్కుకోకుండా, లాక్కొచ్చుకున్నట్టు, రెండో కాలి మీదే ఉంది. ఎడమచెయ్యి మంచం కమ్మీని పట్టుకుని ఉంది. నాలుగేళ్ళలో తనంతట తను ఒక్క అంగుళం జరగని మనిషి. కమ్మీ పట్టుకుని, ఎంతసేపు లాగాడో, ఎంత ఆయాసపడ్డాడో. ఆమె తిరగబడమని వెళ్ళింది. అతను ఒత్తిగిలాడు.

ఆమె అతని వేళ్ళ మీద చెయ్యి వేసింది. విడదీయలేదు. డబ్బా అన్నం గిన్నె పక్కన పెట్టి మూత తీసింది.

"చేప ఒత్తిగిలించి తెచ్చానయ్యా," అంది. అప్పుడు వచ్చింది ఏడుపు, పొద్దుట్నుంచీ ఆపుకున్నదంతా కలిపి. గుమ్మంలో ఖ్వే తల తిప్పుకున్నాడు.

జనం మంచం చుట్టూ చేరారు. ఎవరో కాలితో పక్కకు నెట్టిన లైఫ్ జాకెట్ గోడవార నేల మీద బోర్లా పడి ఉంది. నారింజ రంగు వెలిసి, ఈల తాడు ఒక పక్కకు వేలాడుతూ, నాలుగేళ్ళ వీపు ఒత్తిడికి పడిన గుంట మాత్రం అలాగే ఉంది.