మోకాలిలోతు నీళ్లు

పులివెందులలో పెళ్లి భోజనం తిని వచ్చినప్పటి నుంచి ప్రజ్ఞకు విరేచనాలు. అవి తగ్గి కొద్ది రోజులే అయింది. కడుపు కుదుటపడినా రెండు వారాలు స్విమ్మింగ్ పూల్‌లోకి దింపొద్దని, పక్క పిల్లలకు అంటుకుంటుందని ప్రొద్దుటూరు డాక్టరు గట్టిగానే చెప్పాడు. తల్లి భావన తల ఊపింది. కానీ ఆ ఆదివారం జమ్మలమడుగు రోడ్డులోని పూల్‌లో చిన్నపిల్లలకు పోటీలు. నాలుగేళ్ల కూతురు ఈదుతుంటే స్కూల్లో తనతో పనిచేసే టీచర్లందరూ చూడాలని ఆమె కోరిక. పిల్లకు బిగుతుగా డైపర్ కట్టి, పైన ఈత బట్టలు తొడిగి తీసుకుపోయింది. నేనూ వస్తానని మారాం చేసిన అన్న కొడుకు భార్గవ్‌ను కూడా వెంటబెట్టుకుంది.

పోటీ మొదలు కాకముందే ప్రజ్ఞ నీళ్లలో కదలకుండా నిలబడిపోయింది. ఆ మొహం చూడగానే భావనకు అర్థమైంది. పిల్ల చుట్టూ నీళ్లు పచ్చగా మసకబారుతున్నాయి. చప్పున ఎత్తుకుని తువ్వాలు చుట్టి, బాత్రూములో కడిగి, గౌను మార్చి తెచ్చింది.

తిరిగొచ్చేసరికి పిల్లలందరినీ గట్టెక్కించారు. ఇది ఎవరి బిడ్డ పనో చెప్పమని పూల్ నడిపే ఫణికుమార్ నిలదీస్తున్నాడు. తల్లులు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. ఒకామె చూపు ప్రజ్ఞ కొత్త గౌను మీద ఆగింది. భావన పిల్లను తన వెనక్కి లాక్కుంది.

గట్టు చివర షహబాజ్ వణుకుతూ నిలబడి ఉన్నాడు. భావన దగ్గరే ఒకటో తరగతి చదువుతాడు. తండ్రి కువైట్‌లో ఉంటే, తల్లి ఫరహత్ ఒక్కతే పెంచుతోంది.

"ఆ పిల్లోడు ఇందాకటి నుంచి కడుపు పట్టుకోని తిరుగుతాండాడు," అంది భావన. "నేను చూస్తానే ఉండా."

ఫరహత్ కాదంది. ఎవరూ వినకపోయేసరికి అందరి ముందూ కొడుకు నిక్కరు విప్పి చూపించింది. శుభ్రంగా ఉంది. నీళ్లలో కడుక్కుపోయి ఉంటుందిలే అని ఎవరో అన్నారు, ఇంకెవరో నవ్వారు. వాడు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇంకెప్పుడూ రావద్దన్నాడు ఫణికుమార్.

కొడుకును చంకనేసుకుని పోతూ ఫరహత్ గేటు దగ్గర ఆగింది. "నీళ్లన్నా మార్చన్నా. పసిబిడ్డలు మింగుతారు."

ఎండాకాలం, ట్యాంకర్లు దొరకవు. ఫణికుమార్ తేలినదాన్ని వలతో తీసేసి, క్లోరిన్ పొడి చల్లి, కాసేపటికే పోటీ మొదలుపెట్టాడు. ఆ పొడికి వెంటనే చావని క్రిములుంటాయని డాక్టరు చెప్పిన మాట భావనకు గుర్తుంది. నోరు తెరిస్తే మళ్లీ చూపులు తన వైపు తిరుగుతాయి. ప్రజ్ఞకు జలుబని చెప్పి పక్కన కూర్చోబెట్టుకుంది. భార్గవ్ దిగుతానంటే వద్దనడానికి సాకు దొరకలేదు. వాడు ఆ నీళ్లే నోటినిండా పట్టి పక్కవాళ్ల మీద ఉమ్ముతుంటే చూస్తూ కూర్చుంది.

వారం తిరిగేసరికి పిల్లలు ఒక్కొక్కరే మంచం పట్టారు. భార్గవ్ కళ్లు గుంటలు పడ్డాయి. కడప ఆసుపత్రిలో చేర్చారు. అదే వార్డులో షహబాజ్ కూడా ఉన్నాడు, గెంటేసేలోపే వాడూ ఆ నీళ్లు మింగాడు. వాణ్ణి చూడగానే భావన వదిన శాపనార్థాలు మొదలుపెట్టింది. భావన ఆపలేదు. అందరికన్నా ముందు ఎవరికి వచ్చిందో తెలిస్తే మందు తేల్చుకోవడం సులువవుతుందని అక్కడి డాక్టరు అంటే, షహబాజ్ మంచం వైపు చెయ్యి చూపించింది.

మరునాడు మధ్యాహ్నం భార్గవ్ చనిపోయాడు. వదిన బిడ్డ మీద పడి ఏడ్చి, లేచి పోయి ఫరహత్ జుట్టు పట్టుకుంది. నర్సులు విడిపించారు. ఫరహత్ జుట్టయినా ముడేసుకోకుండా వచ్చి, భావన పక్కన నిలబడ్డ ప్రజ్ఞ ముందు గొంతుక్కూర్చుంది.

"నువ్వు చెప్పమ్మా. ఆ పొద్దు నీళ్లలో దొడ్డికి పోయిందెవరు?"

వార్డులో అందరూ పిల్ల వైపు తిరిగారు. ఇంట్లో ప్రజ్ఞ "నేనే గదమ్మా" అన్నప్పుడల్లా భావన తొడపాశం పెట్టింది. పిల్ల తొడ మీద చెయ్యి ఆనించుకుని తల్లి మొహంలోకి చూసింది.

"షహబాజ్," అంది.

భావన కూతురి తల నిమిరింది. ఫరహత్ లేచిపోయి కొడుకు మంచం దగ్గర కూర్చుంది. ఆ పూట ఆమె వైపు ఒక్కరూ చూడలేదు.