లోపలి బెంచీ

నరసన్నపేటలో జగన్నాధం డాక్టరు గదిలోనే గోడవారగా ఒక బెంచీ ఉంటుంది. ఒకరిని చూస్తుండగానే తర్వాతి వాళ్లు వచ్చి దాని మీద కూర్చుంటారు. ఎవరికేం జబ్బో అందరూ వింటారు. నిద్ర పట్టడం లేదని, తిండి సయించడం లేదని చెప్పి నేను ఆగిపోతే, డాక్టరు నా ముఖం చూసి బెంచీ మీది వాళ్లని బయటకు పంపారు. నా భర్త వెంకీని కూడా. తలుపు ఆయనే వేశారు.

"ఇప్పుడు చెప్పు ఉషా. ఈ గది దాటి పోదు."

చెప్పాను. కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండబెడుతూ, అలాగే నీళ్లలోకి నడిచి వెళ్లిపోవాలనిపిస్తోందని. ఆయన తిట్టలేదు. ఇది దిగులు జబ్బు, మందుంది, కొన్ని వారాలు ఓపిక పట్టమన్నారు. తిరిగొస్తుంటే బస్సులో నాకు ఆకలేసింది.

మర్నాడు చేపల గంప ఎత్తబోతే మా అత్త గున్నమ్మ పట్టుకుంది.

"నువ్వు ఒడ్డుకి రాకే."

"ఏటయింది?"

"నిన్ను నీల్లకాడికి పంపొద్దని డాక్టరుబాబు మీ ఆయనకి ఫోన్ సేసినాడు. మొగుడు వేటకెల్లే ఇంట్లో ఆడది అనే మాటేనేటే అది?"

వెంకీ వల సర్దుతూ తలెత్తలేదు.

ఆ వారం అతన్ని పడవ ఎక్కనివ్వలేదు. ఇంట్లో అలాంటి మాట పుట్టిన మనిషితో మిగతావాళ్లు సముద్రం మీదకి వెళ్లరు.

"ఆల్లకెందుకు సెప్పినావు మావా?"

"ఒక పడవోల్లం. దాస్తే అందరికీ సేటు."

పక్కింటి అసిరమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఏటే ఉషా, సముద్రం నీకు పుట్టిల్లేటి, సెప్పకుండా ఎల్లిపోడానికి?"

ఎండలో ఆ చేపలు తిరగేసే పనొక్కటే నాకు చేతనయ్యేది. అదీ పోయింది. డాక్టరు ముందుగా నాతో ఒక్క మాట అని ఉంటే, వెంకీకి నేనే చెప్పుకునేదాన్ని.

మందులు అయిపోయాక మళ్లీ వెళ్లాం. బెంచీ ఖాళీ చేయించి, డాక్టరు తలుపు వేశారు. తలుపు కింది సందులోంచి వెంకీ చెప్పులు కనిపిస్తున్నాయి.

"ఆ ఆలోచన ఇంకా వస్తోందా అమ్మా?"

ఆ ఉదయం కూడా వచ్చింది.

"లేదండి," అన్నాను.

మొదటిసారి వచ్చినప్పుడు చూసినట్టు నా ముఖం చూస్తారేమోనని కాసేపు ఆగాను. ఆయన మందుల చీటీ రాసి, లేచి తలుపు తీశారు.

"బాగా కుదుటపడిందయ్యా," వెంకీతో అన్నారు. "ఇంక ఒడ్డుకి పంపొచ్చు."