మగ్గం గుంతలో మంచు

పొద్దున్నే కసువు చిమ్మి, టీ తాగి, మగ్గం మీద కూర్చోబోయే ముందు శైలజ స్టీలు చెంబుతో గుంతలోని మంచు తోడేది. మార్చికే ధర్మవరం రేకుల ఇళ్లలో గోడలు ఎండకు కాలి చెయ్యి పెట్టనివ్వడం లేదు. ఆమె చెంబు బయటికి తెచ్చేసరికి వీధి ఆడవాళ్లు గిన్నెలు పట్టుకొని వాకిట్లో నిలబడి ఉండేవాళ్లు.

"నిన్న మంచు చాలలేదు శైలజా. మజ్జిగ సల్లబడనే లేదు" అని పక్కింటి యల్లక్క సణిగేది.

"నేనేమన్నా ఐసు ఫ్యాక్టరీ పెట్టినానా యల్లక్కా? పడినంత పోస్తాండా."

శైలజ మొగుడు హరిప్రసాద్ విమానమెక్కిన రెండో నెలలో ఆ మంచు మొదలైంది. మగ్గం అతనిది. అంటే, వీధంతా అలా అనేది. పెళ్లైన నాలుగేళ్లూ పక్కన కూర్చొని అంచు పోగును అటూ ఇటూ పంపే నాడె విసిరింది శైలజ. దారం కండెలు చుట్టింది అత్త చౌడేశ్వరి. అయినా ఆ ఇంట్లో నేసేవాడు హరిప్రసాద్ ఒక్కడే. ఆడవాళ్లది చేతి సాయం.

సైన్యం వంటశాలలో పని, యుద్ధానికి చాలా దూరం అని హిందూపురం ఏజెంటు చంద్రశేఖర్ చెప్పి పంపాడు. ఆ చలిదేశంలో దిగగానే చదవరాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రెండు వారాలు తుపాకీ పట్టడం నేర్పి, పదాతి దళంతో కలిపి కందకంలోకి దించారు. నాడె తప్ప మరి దేన్నీ గురి చూసి విసరని ఇరవై ఆరేళ్ల మనిషిని.

"కందకం మన గుంత మాదిరే ఉండాదిలే" అని ఫోన్లో నవ్వాడు. "కాకుంటే పొద్దస్తమానం కాళ్లు మంచులోనే."

ఆ మర్నాడే గుంతలో, అతను కాళ్లు పెట్టే చోట, చీలమండల దాకా మంచు పడింది. మామ పుల్లయ్య పడుగుకు చెమ్మ తగలకుండా కింద ప్లాస్టిక్ పట్ట కట్టాడు. మోకాళ్ల నొప్పుల చౌడేశ్వరి రెండు పూటలా గుంత అంచున కూర్చొని "తిన్నావా నాయనా?" అని అడిగేది.

ఉగాది అయిన మూడోనాడు కొత్త మంచు పడలేదు. ఉన్నది కరగలేదు. ఫోన్లూ ఆగిపోయాయి. ఆరోజు మగ్గం తొక్కబోయిన శైలజ కాళ్లు పైకి లాక్కుంది.

"మామా, గుంతలో ఆయన కాళ్లుండాయి. కొయ్యబారి పోయినాయి."

"మగోళ్ల మగ్గమెక్కితే ఆడోళ్లకి ఇట్లాంటివే తోస్తాయి."

"తోచేది కాదు, తగులుతాండాయి. నువ్వే వచ్చి చూడు."

"మంచుండాదంటే వాడుండాడు. నోరు మూసుకొని నెయ్యి."

నెయ్యొద్దని మాత్రం అనలేదు. పొయ్యి వెలగాలంటే మగ్గం మీదున్న చీర పూర్తయి దిగాలి. మొగుడి పాదాల మీద తన పాదాలు పడకుండా ఒదిగి కూర్చొని శైలజ నేసింది.

ఇంతలో చంద్రశేఖర్ వచ్చాడు. హరిప్రసాద్ ఆసుపత్రిలో ఉన్నాడట, ఫోన్ పోయిందట. తమ్ముడొస్తే అన్నను చూసుకోవచ్చు, అక్కడే పనీ చూపిస్తానన్నాడు. చీరల షాపులో మడతలు పెట్టే తమ్ముడు ఉమాశంకర్ సంచి సర్దుకున్నాడు.

"పోవద్దు ఉమా. మీ అన్న లేడు" అంది శైలజ.

"నువ్వే ఆ మాటంటే ఎట్లా వదినా? తాళి కట్టించుకున్నదానివి."

"తాళి కట్టించుకుంటే తెలిసింది చెప్పకూడదా?"

చౌడేశ్వరి మీదికి లేచింది. "నా కొడుకును సంపేదానికి అంత తొందరేమే నీకు?"



మధ్యాహ్నం బెంగళూరు రైలు. హిందూపురంలో చంద్రశేఖర్ అదే రైలెక్కుతాడు. వాకిట్లో ఆటో వచ్చి నిలబడింది. చౌడేశ్వరి పెరుగన్నం పొట్లం కట్టి, పెద్దకొడుకుతో ఒక మాట చెప్పి వస్తానని మగ్గం దగ్గరికి పోయింది. దూరం నుంచి చెప్పే మాట కాదనుకుందేమో, ఈసారి గోడ పట్టుకొని గుంతలోకి దిగింది.

"హరీ, తమ్ముడు వస్తాండాడు నాయనా..."

అరికాలికి ఏదో గట్టిగా తగిలింది. వంగి మంచులో చెయ్యి పెట్టి తడిమింది.

"శైలజా, నీళ్లు కాగబెట్టు. ఆముదం తే."

శైలజ ఎందుకని అడగకుండా పొయ్యి వెలిగించింది. చౌడేశ్వరి మంచును చేతులతో పక్కకు తోసింది. చీలమండల దాకా రెండు పాదాలు, అంతే. కుడి పాదంలో రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. పసివాడిగా ఉన్నప్పుడు స్నానం చేయించిన ప్రతిసారీ ఆ వేలిని ఆమే నొక్కి సరిచేసేది. సరికాలేదు.

"ఒరే ఉమా, ఈడ రా. ఆ కాలు నువ్వు పట్టు. నా ఒక్కదాని చేత కాలేదు."

"అమ్మా, ఆటో..."

"ఉండనీలేరా. రవ్వంత వెచ్చబడితే పోదువు."

ఉమాశంకర్ ప్యాంటు పైకి మడిచి దిగాడు. తల్లీ కొడుకూ చెరొక పాదానికి ఆముదం రాసి రుద్దసాగారు. శైలజ వేన్నీళ్లు తెచ్చి పోస్తూ ఉంది. అవి పాదాల మీద పడగానే చల్లబడుతున్నాయి. గడపలో నిలబడి చూసిన పుల్లయ్య, తువాలు నోటికి అడ్డం పెట్టుకొని పోయి ఆటోను పంపేశాడు. స్టేషన్లో రైలు కూసింది.

"ఎన్ని దినాలాయె?" తల ఎత్తకుండానే అడిగింది చౌడేశ్వరి.

"పంతొమ్మిది, అత్తా."

"చెప్తివి గదా."

"చెప్తిని."

చౌడేశ్వరి కోడలి చెయ్యి పట్టి కిందికి లాగి, కొడుకు పాదం మీద తన చేతి పక్కనే పెట్టుకుంది.

రైలు పెనుకొండ దాటి హిందూపురం చేరే వేళకు ఉమాశంకర్ చొక్కా జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులా అన్న పాదం ఉంది. మోగినంతసేపు మోగనిచ్చి, వేళ్ల సందుల్లో ఆముదం రాయడానికి వంగాడు.